తుడిచేసిన పాఠం

పొద్దున్నే కాఫీ కప్పు పక్కన పెట్టి కొరీనా కెమెరా తెరిచింది: నాలుగో తరగతి పాఠం వీడియో మొత్తం మాయమైంది.

న్యూమెక్సికో కొండల్లోని ఆ చిన్న బడికి నిన్నటి నుంచి వేసవి సెలవులు. పిల్లలు ఎక్కడివాళ్లక్కడ చెదిరిపోయారు. వాళ్ల మొహాలున్న వీడియోకి నకలు తీయకూడదని బడి నియమం; కొరీనా నియమం తప్పే మనిషి కాదు. డిగ్రీ ఉన్నా టీచరు లైసెన్సు లేక, రెండేళ్లుగా సాయంత్రాలు సర్టిఫికెట్ కోర్సు చదువుతూ, తాత్కాలిక అనుమతి మీద పాఠాలు చెబుతోంది. తను పాఠం చెప్పిన ఆ వీడియో ఈ సాయంత్రంలోగా యూనివర్సిటీకి చేరాలి. చేరకపోతే లైసెన్సు లేదు. అనుమతి ఈ వేసవితో సరి. తరగతి ఇంకొకరి చేతికి పోతుంది.

"అత్తయ్యా! కెమెరా ఎవరు ముట్టుకున్నారు?"

టోర్టియా రొట్టెలు కాలుస్తున్న ఒఫీలియా వెనక్కి తిరగలేదు. "నాకెందుకమ్మా నీ కెమెరా? టీవీ రిమోటే నాకు లొంగి చావదు."

"నేను లైసెన్సు తెచ్చుకోవడం మీకు మొదట్నుంచీ ఇష్టం లేదు."

"లేదు. ఈ వయసులో పుస్తకాల సంచి తగిలించుకుని ఊరేగడమేంటని నీ మొహం మీదే అన్నాను. దొంగచాటు పని చేసేదాన్నయితే ఎదురుగా ఎందుకంటాను?"

"మరి దానంతటదే చెరిగిపోయిందా? ఇంట్లో ఉన్నది ముగ్గురం!"

ఒఫీలియా చేతిలోని పిండి ముద్ద బల్ల మీద పడేసింది. కళ్లు చెమ్మగిల్లాయి. "మొన్న నీ తరగతి పిల్లలకి సోంపు బిస్కెట్లు చేసి పంపిన చేతులివి. వీటికా దొంగపని అంటగడతావు?"

రోడ్ల పనికి బయలుదేరుతూ గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్న లియాండ్రో తలెత్తాడు. "అమ్మా, అది..."

"నువ్వుండరా! నీకేం తెలుసు?"

"కొరీనా, నేను..."

"తర్వాత, లియాండ్రో. ముందు మీ అమ్మ సంగతి తేలనీ."

అతను లేవలేదు. బూటు తాడు చేతిలోనే ఉండిపోయింది. అప్పుడు చూసింది కొరీనా భర్త వైపు.

"నువ్వా?"

అతను నోరు తెరిచి మూసుకున్నాడు. ఒఫీలియా ఏదో అనబోతే కొరీనా చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. తనూ పెదవి విప్పలేదు. పెనం మీద టోర్టియా మాడుతున్నా ఎవరూ కదలలేదు.

"నేనే," అన్నాడు చివరికి. "వీడియో ముందూ వెనకా కత్తిరించి పెట్టమని మొన్న నువ్వే అన్నావుగా, నీకు గుర్తే లేదు. రాత్రి తీసి చూశాను. అందులో ఆ బక్క పిల్లాడు, లెక్క రాక బోర్డు దగ్గర బిగుసుకుపోయినవాడు... వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నావు. మిగతావాళ్లంతా చేతులెత్తుతున్నా వాణ్ణి తొందరపెట్టలేదు. వాడు చెప్పేదాకా అలా చూస్తూనే ఉన్నావు. నాకు మాట నిదానంగా వస్తుందని నీకు తెలుసు. ఈ ఇంట్లో నా మాట అమ్మ పూర్తి చేస్తుంది, లేదంటే నువ్వు. రెండేళ్లుగా నీ వీపుతో మాట్లాడుతున్నాను. ఆ పసివాణ్ణి చూసి కుళ్లుకున్నాను, కొరీనా. చెయ్యి జారి కాదు, తెలిసే చెరిపేశాను. ఇవాళ ఆగావు నా కోసం... నీ చదువంతా నేను మట్టిపాలు చేశాక."