యబికాలో దిగని తాత

యబికా అనే కొండ ఊళ్ళో గడ్డి మీద విమానం దింపడం కష్టమని అంటారు. దింపడంలో ఏముంది, కొండకి ఎదురుగా వెళ్ళి, గట్టెక్కినట్టు ఏటవాలు ఎక్కి, పైన ఆగిపోవడమే. కష్టమంతా బయటికి రావడంలో ఉంది. పై చివర కొండ, కింది చివర లోయ. దిగేది పైకి, ఎగిరేది కిందికి, ఉన్నది ఒకటే దారి. సగంలో, గడ్డి పక్కన, సున్నం పూసిన పాత టైరొకటి పాతి ఉంటుంది. ఆ టైరు దగ్గరికొచ్చేసరికి తగినంత వేగం రాకపోతే అక్కడే ఆపెయ్యాలి. టైరు దాటాక ఇక ఆపడం కుదరదు.

అందుకే ఈ కొండల్లో విమానం నడిపేవాళ్ళకి దేవుడి తర్వాత దేవుడు తూకం. పదకొండేళ్ళుగా నా ఆరు సీట్ల సెస్నా విమానంలోకి తూకం వెయ్యకుండా పిల్లిని కూడా ఎక్కించలేదు. పాస్టరుగారినైనా సరే, బూట్లతో సహా కాటా ఎక్కించాల్సిందే. నన్ను పీనాసిదనీ, మొండిదనీ తిట్టుకునేవాళ్ళున్నారు. తిట్టుకోనీ, వాళ్ళంతా బతికే ఉన్నారు కదా.

ఆ మంగళవారం పొద్దున గొరోకా పట్నం ఆస్పత్రి నుంచి సిమాపె అనే ముసలాయన శవాన్ని యబికాకి తీసుకెళ్ళాలి. వెనక రెండు సీట్లూ పీకేసి నేల మీద శవపేటిక పెట్టించాను. ఆయన కొడుకు కెరువో ముందు నా పక్కన కూర్చుంటాడు. భార్య ఒనోమె మధ్య వరసలో. ఆమె పక్కన ఒక సీటు ఖాళీ.

"కెప్టెనమ్మా, ఆ సీటు నాన్నది. టికెట్ కూడా తీసుకున్నాం," అన్నాడు కెరువో.

"మీ నాన్న పెట్టెలో ఉన్నాడు కదయ్యా?"

"పెట్టెలో ఉన్నది ఒళ్ళే. నాన్న కూర్చుని వస్తాడు. మావాళ్ళెవరు పోయినా అంతే."

"మరి బరువెంత రాసుకోమంటావ్?"

కెరువో నవ్వేశాడు. "బతికున్నప్పుడు అడిగితే చెప్పేవాణ్ణి, పూటకి తట్టెడు దుంపలు లాగించేవాడు. ఇప్పుడు బాగా తగ్గాడులే."

అంతవరకూ అంతా బాగానే ఉంది. ఇంజను స్టార్టు చెయ్యబోతుంటే ఆస్పత్రి జీపు పరిగెత్తుకొచ్చింది. యబికా లోయలో పిల్లలకి తట్టు సోకింది, టీకాల ఐసుపెట్టె ఇవాళే చేరాలన్నారు. నేల మీద చోటు లేదు. ఉన్నది ఆ సీటొక్కటే. నేను ఇంకో ఆలోచన లేకుండా ఐసుపెట్టెని ఆ సీట్లో పెట్టి బెల్టు బిగించాను.

కెరువో నవ్వు ఆగిపోయింది. "కెప్టెనమ్మా... అది నాన్నది."

"పిల్లలకి మందయ్యా. తాత ఏమీ అనుకోడు. బరువు లేనివాడు ఎక్కడైనా సర్దుకుంటాడు."

ఒనోమె సీటు మీద పెట్టిన చెయ్యి తీసేసుకుంది. ఆ మాట నోరు జారినందుకు ఇవాళ్టికీ నన్ను నేను తిట్టుకుంటున్నాను.

యబికాలో దిగేసరికి పదకొండు దాటింది. లోయ మూతి దగ్గర మబ్బు అప్పుడే పోగవుతోంది. ఒంటికి బూడిదరంగు బురద పూసుకున్న ఆడవాళ్ళు ఏడుస్తూ వచ్చి శవపేటికని భుజాలకెత్తుకున్నారు. ఐసుపెట్టె దింపించాను. ఒనోమె మాత్రం తలుపు దగ్గరే నిలబడి లోపలికి చూస్తూ రెండుసార్లు ఏదో పిలిచింది. ఎవరో చెయ్యి పట్టుకుని ఆమెని ఊళ్ళోకి తీసుకెళ్ళారు. మబ్బు గొడవలో ఉండి నేను పట్టించుకోలేదు.

అంతలో కర్రలకి కట్టిన దుప్పటిలో యారి అనే పిల్లని మోసుకొచ్చారు. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. తొలి కాన్పు, రెండు రోజులుగా నొప్పులు. "బిడ్డ అడ్డం తిరిగింది," అన్నాడు ఊరి ఆరోగ్య కార్యకర్త నా చెవిలో. "పొద్దుగూకేలోగా ఆపరేషను కాకపోతే ఇద్దరూ దక్కరు."

యారిని వెనక నేల మీద పడుకోబెట్టాం. మొగుడు తోమసి ముందు సీట్లో. మధ్య సీట్ల మీద మూడు చిన్న బస్తాల కాఫీ గింజలు. లెక్క కట్టాను. వచ్చినప్పటి కంటే తేలికే.

బ్రేకులు వదిలాను. విమానం కిందికి దొర్లింది. రోజూ ఇక్కడ అది గుర్రంలా ఉరుకుతుంది. ఆ రోజు ఉరకలేదు. బురదలో బండి లాగుతున్నట్టు ఉంది. టైరు దగ్గరికొస్తోంది. వేగం చూశాను. సగం కూడా లేదు.

ఆపేశాను. తడిగడ్డి మీద చక్రాలు జారాయి. జారి... జారి... టైరు దాటి పది గజాల మీద ఆగాం. వెనక నుంచి యారి సన్నగా మూలిగింది.

ఇంజను గొంతు చించుకుంటే గానీ విమానం మళ్ళీ పైకి ఎక్కలేకపోయింది. దిగి చుట్టూ చూశాను. ముందు చక్రం కాలు జానెడు సాగి ఉంది, తోక నేలకి వాలింది. తోకలో ఎవరో లావుపాటి మనిషిని కూర్చోబెడితే అలా ఉంటుంది. కాఫీ బస్తాలు దింపించాను. తోక లేవలేదు. తోమసిని దిగమన్నాను.

"నా పెళ్ళాన్ని ఒంటరిగా పంపమంటావా?" అన్నాడు.

"ఒంటరిగానైనా బతికుంటుంది, దిగు."

దిగాడు. తోక ఇంకా కిందికే వంగింది.

ఈలోగా మబ్బు వచ్చేసింది. ముందు లోయ పోయింది. తర్వాత టైరు పోయింది. తర్వాత పది అడుగుల దూరంలో ఉన్న తోమసి కూడా కనిపించలేదు, అతని దగ్గు మాత్రం వినిపించింది. తడి ఫెర్ను ఆకుల వాసన, పొగ వాసన. వాటి మధ్య శవపేటిక దింపేశాక కూడా పోని ఆస్పత్రి మందు వాసన. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఇంత చీకటి నేనెప్పుడూ చూడలేదు.

యారి దగ్గర కూర్చుందామని లోపలికెక్కి తలుపు వేశాను. అద్దాలకి తెల్లటి గుడ్డ కప్పినట్టుంది. ఆరు గంటలకి పొద్దు పోతే ఇక్కడ దీపాలు లేవు. ఆ లోపల మబ్బు విడవాలి, విమానం తేలికపడాలి. రెండూ నా చేతిలో లేవు. తల ప్రాణం తోకకొచ్చింది అంటారే, అదే పరిస్థితి.

"అక్కా..." అంది యారి.

"నీళ్ళు కావాలా?"

"ఆయన్ని కొంచెం జరగమను."

"ఎవర్ని?"

"నా కాళ్ళ మీద కూర్చున్నాడు..."

ఆమె కాళ్ళకేసి చూశాను. దుప్పటి మడమల దగ్గర పల్లంగా నొక్కుకుపోయి ఉంది. కాళ్ళ మీద ఏమీ లేదు.

చెయ్యి చాపి దుప్పటి లాగాను. రాలేదు.

గట్టిగా లాగాను. రాలేదు...

ఇంజను స్టార్టు చేసి పారిపోదామనిపించింది. ఎక్కడికి? ఆ గడ్డి నుంచి పోవడానికి ఒకటే దారి, ఆ దారి మబ్బులో ఉంది. తలుపు తీసి ఊళ్ళోకి పరిగెత్తుదామంటే, యారి నా మణికట్టు పట్టుకుని ఉంది. భయమేసింది. ఏడుపొచ్చింది. ఇద్దరి ముందు ఏడవకూడదని ఆపుకున్నాను. ఇద్దరు అని ఎందుకనుకున్నానో అప్పుడు తెలీలేదు.

తలుపు మీద ఎవరో తట్టారు. కెవ్వుమన్నాను.

ఒనోమె. మొహమంతా బూడిదరంగు బురద, కళ్ళు మాత్రం ఎర్రగా. వెనకాలే కెరువో.

"పాడె దగ్గరికి ఆయన రాలేదు," అంది. కొడుకు నోరు తెరవబోతే ఆపింది. "రెండుసార్లు పిలిచాను. దిగలేదు. నువ్వు సీటివ్వలేదు కదా, నిలబడే వచ్చాడు. నిలబడి వచ్చినవాడికి ఊరొచ్చిందని తెలీదమ్మా. ఇంకా దారిలోనే ఉన్నాననుకుంటున్నాడు."

"అవ్వా, ఈ పిల్ల చచ్చిపోతుంది. ఆయన్ని దింపెయ్యి. నీకు దణ్ణం పెడతాను."

"నా మాట వినడు. బండి నీది."

"అయితే నేనేం చెయ్యాలి?"

"సీటియ్యి. కూర్చుంటే బరువుండడు. ఎక్కినచోటికి తీసుకెళ్ళు. అక్కణ్ణుంచి మర్యాదగా కూర్చోబెట్టి మళ్ళీ తీసుకురా. ఇంటికొచ్చానని అప్పుడు తెలుసుకుంటాడు."

ఇంకెప్పుడైనా అయితే, చెవిలో పువ్వు పెడుతున్నావా అనేదాన్ని. సిగ్గు విడిచి సీటు కుషను నా చొక్కాతోనే తుడిచాను. బెల్టు రెండు కొసలూ పక్కకి తీసి పట్టుకున్నాను.

"తాతా, తప్పయింది. కూర్చో. కాసేపట్లో గొరోకా. మళ్ళీ నేనే నిన్ను ఇంటికి తెస్తాను. మాట."

ఏమీ జరగలేదు. కొంతసేపు ఏమీ జరగలేదు. తర్వాత యారి పెద్దగా ఊపిరి పీల్చి కాళ్ళు ముడుచుకుంది. విమానం ముందుకి తలూపినట్టు ఊగి, ముందు చక్రం మీదికి కూర్చుంది. బెల్టు బిగించాను. లోపల ఖాళీ గాలే. అయినా, చాలినంత వదులుంచి బిగించాను.

రెండింటికి మబ్బులో చిన్న సందు తెరుచుకుంది. తోమసి కూడా ఎక్కాడు. టైరు ఇంకా ముందుండగానే గాల్లోకి లేచాం. దారి పొడుగునా నేను వెనక్కి తిరగలేదు. మధ్యలో ఒకసారి యారి ఎవరితోనో నెమ్మదిగా మాట్లాడింది, ఏమన్నదో వినబడలేదు. గొరోకాలో ఆమెని స్ట్రెచరు మీద దింపుతుంటే కుడిచెయ్యి బయటికి వేలాడుతోంది. ఎవరి వేళ్ళనో పట్టుకున్నట్టు ముడుచుకుని ఉంది. నొప్పికి బిగించిందనుకున్నాను.

ఆ రాత్రే ఆపరేషను చేశారు. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. తోమసి నన్ను పట్టుకుని ఏడ్చాడు, నేనూ ఏడ్చాను.

మూడు రోజులు వాన. నాలుగో రోజు కొండల మీద మబ్బు విడిచింది. వేరే మనిషిని గానీ మూటని గానీ ఎక్కించలేదు. మధ్య సీటు మీద ఉతికిన దుప్పటి పరిచాను. మర్యాదగా ఉంటుందని, ముందు నా పేరు చెప్పుకున్నాను.

"తాతా, నా పేరు కొనియో. మొన్న నీకు అవమానం చేసినదాన్ని. ఇవాళ నిన్ను ఇంటికి తీసుకెళ్తున్నాను."

చెప్పాక మనసు తేలికపడింది. దారి పొడుగునా ఆయనకి లోయలు చూపించాను, వాగులు చూపించాను. పాట కూడా పాడాను. విమానం ఈకలా తేలింది.

యబికాలో ఊరంతా గడ్డికి రెండు పక్కలా వరసకట్టి ఉంది. చేతుల్లో ఆకులు. నేను దిగి తలుపు తీసి, పక్కకి తప్పుకున్నాను. ఒనోమె ముందుకొచ్చింది. సీటుకేసి చూసింది. పిలవడానికని నోరు తెరిచింది.

పిలవలేదు. ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏంటవ్వా? తెచ్చాను కదా. నీ మనిషే."

"మావాడు ముసలాడు," అంది చాలా నెమ్మదిగా. "వీడు వయసువాడు. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి. మావాణ్ణి ఎక్కడ దింపావమ్మా?"

కెరువో చేతిలోని ఆకులు జారిపోయాయి. నేను సీటు చూశాను. దుప్పటి, బెల్టు. దుప్పటి పొడిగా ఉంది. స్ట్రెచరు మీద యారి ముడుచుకున్న చెయ్యి గుర్తొచ్చింది.

"అవ్వా... ఎవరైతేనేం, ఇక్కడే దిగమను."

ఒనోమె తల అడ్డంగా ఊపింది. సీటు వైపు చెవి పెట్టి, కాసేపు విన్నది. వరసలో నిలబడ్డవాళ్ళంతా ఆమె మొహం చూస్తున్నారు.

"దిగడట. ఏదో ఒకటే మాట అంటున్నాడు, మా భాష కాదు. కొనియో, కొనియో అంటున్నాడు." ఆమె నాకేసి తిరిగింది. ఆ కొండల్లో నేనెవరికీ పేరు చెప్పలేదు, అందరికీ కెప్టెనమ్మనే. చెప్పింది ఇవాళ ఆ సీట్లో ఉన్నవాడికొక్కడికే. "కొనియో అంటే ఏంటమ్మా?"

"నాకు తెలీదు," అన్నాను.

లోయ మూతి దగ్గర మబ్బు పోగవుతోంది. ఊరివాళ్ళు ఒక్కొక్కరే గడ్డి మీంచి తప్పుకుని, నేను వెళ్ళడానికి దారి ఇచ్చారు.