వద్దన్నారని రాసుకున్నారు

ఫణికి మానవ హక్కుల మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. కోపమూ లేదు. ఉన్న ప్రేమంతా గ్రీన్‌కార్డు మీదే.

పార్సిప్పనీలో అతనుండే అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో ఆ ఏడాది తెలుగువాళ్లందరూ ‘ప్రొఫైల్ బిల్డ్’ చేస్తున్నారు. మేం మామూలు ఇంజనీర్లం కాము, అసాధారణ ప్రతిభావంతులం అని ఇమ్మిగ్రేషన్ ఆఫీసుని నమ్మించడానికి కాగితాలు పోగేసే పని అది. హ్యాకథాన్లకి జడ్జీగా వెళ్లడం అందులో సులువైన మార్గం. కానీ ఫణి మేల్కొనేసరికి పోటీ చేసేవాళ్లకంటే జడ్జీలే ఎక్కువైపోయారు. చివరికి రూమ్మేట్ రాజీవ్ ఒక లింక్ పంపాడు.

“పక్కన ఎల్మ్‌బ్రూక్‌లో కస్టడీ విజిటర్లు కావాలటరా. లాకప్‌లో పెట్టినవాళ్లని పోలీసులు ఎలా చూసుకుంటున్నారో నెలకోసారి చెప్పాపెట్టకుండా వెళ్లి చూడాలి, రిపోర్ట్ రాయాలి. మనవాళ్లెవరూ అప్లై చెయ్యలేదు. కాంపిటీషన్ లేదు.”

కాంపిటీషన్ లేదన్న ఒక్క మాటకి ఫణి కరిగిపోయాడు.

ట్రైనింగు ఆ ఊరి లైబ్రరీలో. ఫణి పక్క కుర్చీలో ఒకమ్మాయి కూర్చుంది. పేరు రాగిణి, ఊరు వరంగల్, పని ఫిజికల్ థెరపీ. బ్రేక్‌లో బ్యాగులోంచి రెండు సమోసాలు తీసింది.

“తీసుకోండి.”

“పర్లేదండి.”

మొదటిది తినేసి రెండోది చేతిలోకి తీసుకుంది. పొద్దుట్నుంచీ ఏమీ తినని ఫణి చూపు దానితోపాటే పైకి లేచింది.

“అట్ల చూస్తే నాకు అరగదు. కావాల్నా?”

“అబ్బే, పర్లేదండి.”

“పర్లేదంటే కావాల్ననా, వద్దనా?”

“పర్లేదనండి.”

ఆమె సమోసా తినేసింది. తన ఊరు తెనాలి పద్ధతి ప్రకారం మూడోసారి అడిగితే తీసుకుందామని కూర్చున్న ఫణి, ఆ సాయంత్రమంతా అలిగాడు. అలిగిన సంగతి ఆమెకి తెలియదు కాబట్టి అలక వృథా అయింది.

కోఆర్డినేటర్ వాళ్లిద్దరినీ ఒక జట్టు చేసింది. ప్రతి నెలా రెండో శనివారం. రెండో నెలకే ఫణికి రాగిణి అంటే ప్రాణమైపోయింది. ఆమె కారు దిగుతూ జుట్టు ముడేసుకుంటుంటే అతను మానవ హక్కులు మొత్తం మరిచిపోయేవాడు. ఈ విషయం ఆమెకి చెప్పలేదు. చెప్తే ఇబ్బంది పడుతుందేమోనని మొహమాటం.

ఇక స్టేషన్‌లో మర్యాదలకేం లోటు లేదు. చెప్పాపెట్టకుండా వెళ్లినా సరే, ఆ సమయానికి డోనట్ల పెట్టె సిద్ధంగా ఉండేది. లాకప్‌లో ఉన్నవాళ్ల సంగతేమో గానీ, తనిఖీకి వచ్చినవాళ్లని మాత్రం పోలీసులు బహు చక్కగా చూసుకున్నారు. నాలుగు నెలలు నాలుగు రిపోర్టులు. నాలుగింట్లోనూ ‘నో కంప్లైంట్స్’. ఫణి వినయానికి ముచ్చటపడి సార్జెంటు, చీఫ్‌తో సిఫార్సు లేఖ ఒకటి ఇప్పిస్తానన్నాడు. ఫణి ప్రతిభ ఎంత అసాధారణమో అందులో ఉంటుంది. అతని గ్రీన్‌కార్డు లాయరు అది విని, “ఇదొక్కటి చాలు, పిటిషన్ నిలబడుతుంది” అన్నాడు.

సెప్టెంబరు రెండో శనివారం మధ్యాహ్నం రెండింటికి వెళ్లారు. బయట చినుకులు. ఇద్దరికీ ఒకే గొడుగు. ఫణి భుజం సగం తడిసింది, మనసు పూర్తిగా తడిసింది.

“లేఖ చీఫ్ బల్ల మీద ఉంది. సంతకం ఒక్కటే తక్కువ” అన్నాడు సార్జెంటు డోనట్ అందిస్తూ. “ఇవాళ లోపల ఒక్కడే. పెద్దాయన. చాలా మంచివాడు.”

లోపల బెంచీ మీద పంచె, స్వెటర్, కళ్లజోడుతో ఒకాయన నిటారుగా కూర్చుని ఉన్నారు. ఫణి చెక్‌లిస్ట్ తీసి ఇంగ్లీషులో గడగడా చదివాడు.

“నో కంప్లైంట్స్ సర్. వెరీ గుడ్ పీపుల్” అన్నారాయన.

సార్జెంటు తన కాగితం చూపించాడు. ఉదయం ఏడింటికి తెచ్చారు. నీళ్లు: డిక్లైన్డ్. భోజనం: డిక్లైన్డ్. డాక్టరు: డిక్లైన్డ్. దుబాసీ: డిక్లైన్డ్. ఫోన్ కాల్: డిక్లైన్డ్. అన్నిటికీ ఆయనే స్వయంగా వద్దన్నారు. ఫణి టిక్కులు పెట్టేశాడు.

రాగిణి కాగితం వంక కాదు, ఆయన వంక చూస్తోంది.

“అంకుల్, తిన్నరా?”

తెలుగు వినేసరికి ఆయన ముఖం వెలిగింది. “ఆ, అయిందమ్మా.”

“ఏం తిన్నరు?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“నిజం చెప్పండి అంకుల్.”

“అబ్బే, ఆకలేం లేదు తల్లీ. వాళ్లకెందుకు శ్రమ?”

“మూడోసారి అడుగుతున్న. తిన్నరా?”

“లేదమ్మా” అన్నారాయన చిన్నగా. “పొద్దున షుగరు మాత్ర వేసుకున్నాను. కొంచెం కళ్లు తిరుగుతున్నాయి.”

రాగిణి బ్యాగులోంచి అరటిపండు తీసి, అడగకుండానే ఒలిచి చేతిలో పెట్టింది. ఆయన తింటూ కథంతా చెప్పారు. పేరు విశ్వనాథం. రాజమండ్రిలో లెక్చరరుగా రిటైరై కూతురు త్రివేణి దగ్గరికొచ్చి మూడు వారాలు. ఫోను చార్జింగుకి పెట్టి వాకింగుకెళ్లారు. ఎవరింటి ముందో మందారాలు కనిపిస్తే పూజకి నాలుగు కోశారు. ఇంటివాళ్లు పోలీసుల్ని పిలిచారు.

“కారెక్కమన్నాడమ్మా ఆ పోలీసు కుర్రాడు. దింపుతానంటున్నాడు కాబోలు, పాపం ఎందుకని, ‘నో నో, ఐ విల్ వాక్’ అన్నాను. ఎక్కమన్న కొద్దీ వద్దన్నాను.”

ఫణి కాగితం తిప్పాడు. ‘అరెస్టును ప్రతిఘటించెను’ అని రాసి ఉంది.

“మరి ఫోన్ చేస్తరా అంటే వద్దన్నరంట?”

“ఆఫీసు ఫోను తల్లీ. మన సొంత పనికి వాడతామా?”

ఫణికి వచ్చిన నవ్వు సగంలోనే ఆగింది. రాజమండ్రి పెద్దాయన నోట వచ్చిన ప్రతి ‘నో’ అతనికి తెలిసిందే. అతని ఇంట్లో అందరూ మాట్లాడే భాష అది. అయినా అతనే టిక్కు పెట్టాడు.

“మీరు కూడా ఒక్కసారి అడిగి రాసేసుకుంటరా?” అంది రాగిణి, గొంతు తగ్గించి. “మీకు తెల్వదా ఇది?”

“సరిచేస్తానండి” అని ఫణి రిపోర్టులో రాశాడు. ‘అంతా అద్భుతంగా ఉంది. వీలైతే ఒక చిన్న ఫోన్ కాల్ విషయం దయతో పరిశీలించగలరు.’

రాగిణి చదివింది. “ఇది రిపోర్టా, లీవ్ లెటరా?”

“మీకు తెలీదండీ. ఆ లేఖ...”

“తెల్సు. నాది కూడా హెచ్‌వన్‌బీ వీసానే. మీ ఇష్టం, నేను బలవంతం చెయ్య. కానీ ఇద్దరి సంతకాలు లేకుంటే, నేనొక్కదాన్నే నిజం రాసినా ఆ కాగితం చెల్లదు. ఆయన కోర్టు తెరిచే సోమవారం దాకా ఇక్కడ్నే ఉంటడు.”

సార్జెంటు ఆప్యాయంగా ఫణి భుజం తట్టాడు. “ఆయనే వద్దన్నాడు కదా మిత్రమా. మేం అడిగాం. రికార్డులో ఉంది.”

ఫణికి మనసులో చీఫ్ బల్ల కనిపించింది. బల్ల మీద కాగితం కనిపించింది. ఎదురుగా అరటి తొక్క ఎక్కడ వెయ్యాలో అడగడానికి మొహమాటపడి, మడిచి చేతిలో పట్టుకుని కూర్చున్న విశ్వనాథం గారు కనిపించారు.

రాసింది కొట్టేశాడు. కొత్తగా రాశాడు. ‘డయాబెటిస్ ఉన్న వృద్ధుడు ఏడు గంటలుగా తిండి లేకుండా ఉన్నారు. ఇంటికి కబురు లేదు. దుబాసీ కావాలా అన్న ప్రశ్న కూడా దుబాసీ లేకుండానే అడిగారు. వద్దన్నారంటే అక్కర్లేదని కాదు. ఇందాక నేను పెట్టిన టిక్కులు కూడా తప్పు.’ సంతకం పెట్టి పెన్ను రాగిణికిచ్చాడు. చెయ్యి వణికింది. ఆమె అది చూసింది.

సార్జెంటు చదివి, డోనట్ల పెట్టె మూత వేశాడు. ఫోన్ మాత్రం తీశాడు. త్రివేణి రెండో రింగుకే ఎత్తింది. ఎక్కడుందంటే, ఇదే స్టేషన్ ముందు గదిలో! నాన్న కనపడటం లేదని పదింటి నుంచి ఫారాలు నింపుతోంది. గోడకి అటు ఒక పోలీసు ఆయన్ని వెతుకుతున్నాడు, ఇటు ఒక పోలీసు ఆయనకి కాపలా కాస్తున్నాడు.

నాలుగింటికల్లా విడిచిపెట్టారు. విశ్వనాథం గారు వాన చినుకుల్లో ఆగి ఇద్దరి తలల మీదా చెరో చెయ్యి పెట్టి, “చల్లగా ఉండండి” అన్నారు. జంట అనుకున్నట్టున్నారు. ఎవరూ సరిదిద్దలేదు.

లేఖ రాలేదు. బదులుగా పది రోజులకి కోఆర్డినేటర్ ఈమెయిల్ వచ్చింది. ‘రాగిణి కోరిక మేరకు ఇకపై మీ ఇద్దరినీ ఒక జట్టుగా పంపము.’

లేఖ పోయిందంటే బాధపడని ఫణి, ఇది చదివి రెండు పూటలు అన్నం మానేశాడు. మూడో పూట కారు తీసి ఆమె క్లినిక్ పార్కింగ్ లాట్‌కి వెళ్లాడు. జోరువాన. గొడుగు మరిచిపోయాడు.

“నన్ను వద్దన్నారట” అన్నాడు ఆమె బయటికి రాగానే.

“అన్న.”

“పర్లేదు, కారణం చెప్పకపోయినా...” ఆగాడు. తల అడ్డంగా ఊపాడు. “లేదు. చెప్పాలి. నాకు చాలా కష్టంగా ఉంది. రెండో శనివారం కోసం నెలంతా ఎదురుచూస్తాను నేను. లాకప్ కోసం కాదు. మీకోసం. మీరంటే నాకిష్టం.”

రాగిణి అతన్ని గొడుగులోకి లాగి, ఫోన్ తెరిచి ముందు పెట్టింది. విజిటర్లు ఏటా నింపాల్సిన డిక్లరేషన్.

“పదకొండోది చదవండి.”

‘మీ తోటి విజిటర్‌తో మీకు ఏ విధమైన సంబంధమైనా ఉన్నదా, లేక ఏర్పడు అవకాశమున్నదా?’ దాని కింద ఆమె ‘ఉన్నది’ అని టిక్కు పెట్టింది.

“సంబంధం ఉన్నోళ్లను కలిపి లోపలికి పంపరంట. రూల్” అంది, వాన వంక చూస్తూ. “ఆ రోజు మీ చెయ్యి వణికింది చూడండి, అప్పుడే అనుకున్న. అంత భయపడుకుంట కూడా నిజం రాసిన మనిషితోని పనిచేసి, ఇప్పుడు నేను అబద్ధం రాసి సంతకం పెట్టాల్నా?”

ఆమె ఫోన్ అతని చేతిలో పెట్టింది.

“మీ ఫారం కూడా నింపాలె. ఇవాళే ఆఖరు.”

అక్కడే, ఆ గొడుగు కిందే నింపాడు. పదకొండో ప్రశ్నకి ‘ఉన్నది’ అని టిక్కు పెట్టాడు. వివరాలు రాయడానికి రెండే లైన్లిచ్చారు. ఫణి అడిషనల్ షీట్ అటాచ్ చేశాడు.