ఏడో నంబరు బిళ్ళ

ఆ రోజు జైనూర్ అడవిలోని గెస్ట్‌హౌసులో నలుగురున్నారు: శాస్త్రవేత్త సీతారాంరావు, ఆయన టైపిస్టు వేషంలో ఉన్న ఏజెంట్ మనోరమ, ఆమెకు తోడుగా ఢిల్లీ నుంచి దిగిన ఏజెంట్ రాధాబాయి, గుహ గేటు కాపలాదారు మొగిలి.

అది 1965. యురేనియం ఎక్కడుందో సీతారాంరావు ఒక్కరికే తెలుసు. విదేశీ ముఠా ఆయన ప్రాణం కోసం తిరుగుతోంది. ఆయన్ని కాపాడటమే మనోరమ డ్యూటీ. రాధాబాయి కోడ్‌వర్డ్ తడుముకోకుండా చెప్పింది. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, మెరిసే హ్యాండ్‌బ్యాగు. మనోరమ నమ్మింది.

పది గంటలకు సున్నపురాయి గుహ చూడటానికి పోయారు. మొగిలి ఇరవై ఏళ్ళు బొగ్గుబావిలో చేసినవాడు. బావి పద్ధతిలోనే, బయటికొచ్చేటప్పుడు తిరిగివ్వాలంటూ మేకులకున్న ఇత్తడి బిళ్ళలు మనిషికొకటి ఇచ్చి, వాళ్ళు లోపలికి పోగానే బయటి నుంచి గేటుకు తాళం వేశాడు. రాధాబాయిది ఏడో నంబరు. ఆమె దాన్ని బ్యాగులో పడేసింది.

లోపల కప్పు నుంచి రాతిసూదులు వేలాడుతున్నాయి. ఎక్కడో నీటిచుక్క ఆగి ఆగి పడుతోంది. సీతారాంరావు మడుగు పక్కన బండ మీద కూర్చుని నోట్స్ రాసుకుంటున్నాడు. రాధాబాయి ఆయన పక్కన బ్యాగు పెట్టి, ఊపిరాడట్లేదంటూ వెనుదిరిగింది.

కాసేపటికి గేటు దగ్గరి మాటలు చీకట్లోంచి వినిపించాయి.

"గేటు తియ్యి."

"బిళ్ళ ఇయ్యమ్మా."

"బ్యాగులో ఉంది. తర్వాత ఇస్తా."

"గట్ల నడువదు. మా బావిల ఒకడు బిళ్ళ ఇయ్యకుండ ఇంటికి పోయిండు. లోపలే ఉన్నడని దేవులాడ పోయినోళ్ళు ఇద్దరు మల్ల రాలే. జర పోయి తెచ్చుకో."

"నేను లోపలికి పోను."

ఆమె లోపలికి రావడానికి ఎందుకు భయపడుతోందో మనోరమకు అర్థమైంది. బ్యాగుకు చెవి ఆనించింది. టిక్, టిక్.

బ్యాగును మడుగులోకి విసిరి, సీతారాంరావును పక్కకు లాగింది. నేల అదిరింది. నీళ్ళు కప్పు దాకా లేచాయి. ఆయన కూర్చున్న బండ మీద నడుమెత్తు రాతిసూది విరిగిపడింది.

గేటుకు లోపలివైపు రాధాబాయి ఊచలు పట్టుకుని కూలబడింది. ఆమె పిస్టల్ కూడా బ్యాగులోనే పోయింది. మనోరమ మొగిలికి జరిగిందంతా చెప్పింది. మొగిలి రెండు బిళ్ళలు తీసుకుని ఇద్దరినీ బయటికి వదిలాడు.

"మరి ఈమెది?"

"మడుగు అడుగున ఉంది."

మొగిలి ఏడో నంబరు ఖాళీ మేకు వైపు చూశాడు.

"అయితే పోలీసోళ్ళు వచ్చి దేవులాడనియ్యి. ఏడో నంబరు ఇంక లోపలనే ఉన్నది," అని రాధాబాయి ముఖం మీదే గేటు మూశాడు.