ఏమీ వద్దండీ

సాయంత్రం నాలుగున్నర... నవంబరు పొగమంచులో హాలిఫాక్స్ పట్టణం అప్పుడే గాఢాంధకారంలో మునిగిపోయింది! మిల్లు పొగగొట్టాల మీద భయంకరంగా ఉరిమింది. ఇంటి కప్పు మీద గుడ్లగూబ వికృతంగా కూసింది...

ఆ ఇంటి మేడగదిలో లెటీషియా మంచం పట్టి ఉంది. వయసు ఇరవై తొమ్మిది. ముసలి మిల్లు యజమానికి పదేళ్లు భార్యగా ఉండి, ఎనిమిది నెలల క్రితం విధవ అయింది. ఇక అక్కడి ఆచారం ప్రకారం రెండేళ్లు నిండేదాకా సంతాపపు నల్లబట్టే కట్టాలి. విందులకు వెళ్లకూడదు, గట్టిగా నవ్వకూడదు. పాపం, పెళ్లయిన నాటినుంచీ ఆమె బతుకు అదే! కొత్తగా వచ్చింది నల్లబట్ట ఒక్కటే.

"ఆ కిటికీ కాస్త తెరవండి వదినా, ఊపిరాడట్లేదు."

"మొగుడు పోయి ఏడాదైనా కాలేదు, మహారాణిగారికి అప్పుడే చల్లగాలి కావాల్సొచ్చిందా?" అంది ఆడపడుచు అగస్టా. "నోరు మూసుకుని పడుకో. డాక్టరుగారొచ్చారు."

డాక్టర్ క్రిస్పిన్ వేల్! ఊళ్లో పెద్దింటి ఆడవాళ్ల నరాల జబ్బులకు ఆయనే దిక్కు. మూడు శతాబ్దాలుగా మానవ రక్తంతో బతుకుతున్న క్షుద్రోపాసకుడని ఎవరికి తెలుసు...? వాడి ఉపాసనకు ఒకటే నియమం. ఏం కావాలని వాడు అడగాలి. మనసు నిండా కోరిక ఉన్న స్త్రీ 'ఏమీ వద్దండీ' అనాలి. ఆ అబద్ధమే వాడి కోరకు దారి! మూడోసారి అంటే ప్రాణం వాడిది; నిజం చెబితే మాత్రం ఉపాసన భంగమై వాడే పోతాడు. మర్యాదస్థుల ఇంటి ఆడది మరో జవాబు చెప్పదని వాడి ధీమా.

లెటీషియా ఇప్పటికే రెండుసార్లు అంది. ఆ మాట అన్న తర్వాతే మెడలో కోర దిగుతోందని ఆమె కనిపెట్టింది కూడా.

అగస్టా వెళ్లిపోయింది. వేల్ నల్లసంచిలోంచి కపాలం తీసి, అందులో కొవ్వొత్తి వెలిగించాడు.

"ఏం కావాలమ్మా నీకు?" ఎంత తియ్యని గొంతు!

"ఏమీ..." అలవాటుగా నోరు తెరుచుకుంది. కోరలు తళుక్కుమన్నాయి! ఆమె పళ్లు బిగించి ఆ మాట మింగేసింది.

"కావాలి!"

"ఏంటీ?"

"ఎర్ర గౌను కావాలి. కడుపునిండా వేడి మాంసం కావాలి. నన్ను దగ్గరికి తీసుకునే మనిషి కావాలి! పదేళ్లు ఆయన పక్కన కళ్లు మూసుకుని పడుకున్నాను. ఒక్కసారి... నా ఇష్టంతో నేను... కావాలి నాకు!"

"ఛీ! సంసారి ఆడదానివేనా నువ్వు? వద్దను... వద్దనవే!!"

"అనను."

ఫెళ్లుమని కపాలం పగిలింది! వాడి చర్మం ముడతలు పడింది, ఎముకలు పొడిపొడిగా రాలాయి. మూడు శతాబ్దాల మృత్యువు ఒక్క క్షణంలో వాడి మీద పడింది. ఒక్క పెనుకేక... తివాచీ మీద గుప్పెడు బూడిద మిగిలింది.

"ఏంటా అరుపులు? సిగ్గు లేదూ!" అగస్టా తలుపు దబదబా బాదుతోంది.

లెటీషియా తలుపు తీయలేదు. మంచం దిగి ఆ బూడిద పక్కనే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. బతికినందుకు కాదు, భయంతోనూ కాదు. పుట్టి బుద్ధెరిగాక, నీకేం కావాలని ఆమెను అడిగింది ఆ పిశాచి ఒక్కడే.