గోడవతలి పలకరింపు

సిరిసిల్ల పాత బట్టల బజారులో పక్క దుకాణం తెరిచారన్న కబురు గోడే చెబుతుంది. తలుపు చెక్కలు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టాక, బట్ట కొలిచే ఇనుప కడ్డీతో ఉమ్మడి గోడ మీద మూడు దెబ్బలు కొడతారు. అవతలివాడు మూడు కొట్టి జవాబిస్తాడు. వచ్చినవా అంటే వచ్చిన అని, అంతే. చేతిలోకి సెల్‌ఫోన్లు వచ్చినా ఈ పలకరింపు ఆగలేదు. అయితే ఇది మగవాళ్ల పని. ఆడవాళ్లు గద్దె మీద కూర్చుని ఎంత బేరమైనా ఆడవచ్చు గానీ గోడ మీద కడ్డీ వేయరు. ఎందుకు వేయరంటే ఎవరికీ తెలియదు, అడిగినవాళ్లనే వింతగా చూస్తారు.

ఆ పొద్దున ప్రవీణ దుకాణం ముందు నీళ్లు చల్లుతోంది. లోపల ఆమె మామ భూమయ్య చీరల కట్టలు సర్దుతున్నాడు. అప్పుడు గోడ మోగింది. టక్, టక్, టక్.

భూమయ్య చేతిలోని కట్ట జారి కింద పడింది. ప్రవీణ చెంబుతో అలాగే నిలబడిపోయింది. ఆ గోడకు అవతల ఉన్నది జలపతి దుకాణం. పంచెలు, తువ్వాళ్లు అమ్మే జలపతి గుండె ఆగి చనిపోయి నాలుగు నెలలైంది. దుకాణం ముందు తలుపుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. దాని మీది దుమ్ము కూడా చెదరలేదు.

"విన్నవా బిడ్డా?" అన్నాడు భూమయ్య.

"విన్న మామా. కొసకు గుంత తవ్వుతున్నరు గదా, గా మిషన్ అదురు కావచ్చు."

"మిషన్ ఇంక మొదలే కాలే. నువ్వు గోడ దిక్కు పోకు. పలుకద్దు."

పలకకూడదన్నది కూడా ఆ బజారు కట్టుబాటే. దుకాణదారు పోతే ఏడాది తిరిగేదాకా ఆ గోడను ఎవరూ కొట్టరు. అవతల మోగినా జవాబివ్వరు. జవాబిచ్చినవాణ్ని పోయినవాడు వెంట తీసుకుపోతాడట. పగలు నవ్వుకునే మాటే గానీ, మనుషులు లేని చోట గోడ మోగుతుంటే నవ్వు ఎవరికి వస్తుంది?

గుంత సంగతీ చెప్పాలి. కోరుట్ల నుంచి వచ్చిన ఒక బిల్డర్ బజారు కొసన ఉన్న దుకాణాలు కొని పడగొట్టాడు. అక్కడ ఆరంతస్తుల కాంప్లెక్స్ లేస్తుందట. చుట్టూ కట్టిన రేకుల మీద దాని బొమ్మ వేశారు. అద్దాలు, మెట్లు, కార్లు అన్నీ ఉన్నాయి, బజారు మాత్రం లేదు. మిషన్ తవ్వుతున్నంతసేపూ చీరల మీద సున్నం రాలుతుంది. ఈ వరుసంతా ఒకదాని గోడ ఇంకోటి ఆనుకుని, ఒకే టేకు దూలాల మీద నిలబడింది. మధ్యలో జలపతిది, భూమయ్యది పోతే మిగిలినవాళ్లు ఉందామన్నా ఉండలేరు. అందుకే బజారులో రెండంతస్తులు మించి కట్టనివ్వొద్దని మునిసిపాలిటీకి ఇచ్చే అర్జీ మీద ప్రవీణ ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టిస్తోంది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర భూమయ్య తల వంచుకునే చెప్పాడు. "రేపు పొద్దుగాల బిల్డర్ మనిషిని రమ్మన్న. దుకాణం అమ్ముతున్నట్టు సంతకం పెడుత."

ప్రవీణ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏంది మామా? నేను బజారంత తిరిగి అందరిని ఆపుకుంటొస్తుంటే, నువ్వు ఇంట్ల కూసొని గిట్లనా?"

"పెట్టనియ్యి," అన్నాడు ఆమె భర్త మహిపాల్, పప్పు కలుపుకుంటూ. "కొత్త దాంట్ల మనకు షాపిస్తమంటున్నరు. ఏసీ ఉంటది."

"మూడో అంతస్తుల ఇస్తరట! పల్లె నుంచి అచ్చిన ముసలవ్వ లిఫ్టెక్కి నీ తాన జాకెట్ బట్ట కొంటదా? మన అరుగు మీద కూసొని, నీళ్లు తాగి, ఎండ తగ్గినంక పోతది గని."

"నీకు ఎప్పుడు సూడు గా అరుగే."

"అవు, గా అరుగే. రుద్రంగి నుంచి అచ్చిన కొత్తల ఈ ఇంట్ల నాకు నోరున్నదా? మామ నన్ను తీస్కపోయి గద్దె మీద కూసోపెట్టినంకనే నలుగురు నా పేరు పెట్టి పిలిచిండ్రు. గది పోతే నేను మల్ల వంటింట్లకే పోవాలె."

భూమయ్య కంచం తోసేశాడు.

"పానం మీదికి అచ్చినంక అరుగేం జేస్తది! జలపతన్న నన్ను పిలుస్తుండు. మొన్న బుధవారం నేనొక్కన్నే ఉన్నప్పుడు గూడ మోగింది, అచ్చం ఆయన దెబ్బే. రెండు కొట్టి, జర ఆగి, మూడోది. గట్ల ఆయనొక్కడే కొడుతడు. ఆయన పక్కపొంటి నేను ఇగ కూసోలేను బిడ్డా, నాతోని కాదు."

అంత పెద్దమనిషి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. భయపడ్డ మనిషితో వాదించి గెలిచినవాళ్లు లేరు. ప్రవీణ ఆయన ముందుకు నీళ్లు జరిపింది.

మర్నాడు ముగ్గురూ కలిసే దుకాణానికి వచ్చారు. మబ్బు పట్టి బజారంతా మసగ్గా ఉంది. భూమయ్య చివరి చెక్క తీసి పక్కన పెట్టాడో లేదో, గోడ మోగింది. మూడు దెబ్బలు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

కాసేపటికి మళ్లీ మోగింది. ప్రవీణ తల తిప్పింది. పలకరింపు ఒక్కసారే ఉంటుంది, జవాబు రాకపోతే ఎవరి పనిలో వాళ్లు పడతారు. ఇది అలా లేదు. మూడోసారీ మోగింది, ఈసారి చాలా మెల్లగా. పలకమని బతిమాలుతున్నట్టే అనిపించింది ఆమెకు. గద్దె కింది నుంచి కడ్డీ తీసింది.

"ప్రవీణా, వద్దు!" మహిపాల్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పోయినోళ్లయితే నన్ను తీస్కపోనియ్యి. బతికున్నోళ్లయితే?"

చెయ్యి విడిపించుకుని కొట్టింది. టక్, టక్, టక్. ఈవలి నుంచి ఆ గోడ మీద ఆడచెయ్యి పడటం అదే మొదలు. దూలం మీంచి సున్నం జలజలా రాలింది. భూమయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

గోడవతల ఎవరో ఆడమనిషి భోరుమంది.

ముగ్గురూ వెనక సందులోకి పరుగెత్తారు. జలపతి దుకాణం వెనక తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల చీకట్లో, పంచెల కట్టల ముందు చిన్న దీపం. దాని పక్కన కడ్డీ ఒళ్లో పెట్టుకుని ఒక ఆకారం కూర్చుని ఉంది. జుట్టు మీద, మొహం మీద తెల్లగా సున్నం. మహిపాల్ రెండడుగులు వెనక్కి వేశాడు. ప్రవీణ దగ్గరికి పోయి చూస్తే జలపతి భార్య సరోజన.

"అత్తా! నువ్వా?"

"ఇగ పలుకరనుకున్న బిడ్డా," అంది సరోజన ప్రవీణ చేతులు పట్టుకుని. "ఏడాది నిండక ముందు తాళం తీస్తే లోకం ఊకుంటదా? అందుకే ఎనుక నుంచి అచ్చి దీపం పెట్టి పోతున్న. నా ఎంబడి గూడ బిల్డర్ మనిషి తిరుగుతుండు. గోడ పలికితే దుకాణం నేనే నడుపుత, పలుకకుంటే సంతకం పెడుత అని మనసుల అనుకున్న. ఎన్నిసార్లు కొట్టినా ఎవ్వరు పలుకలే. ఇయ్యాల ఆఖరని అచ్చిన."

భూమయ్య గడప మీద కూలబడ్డాడు. "వదినే, పోయిన మనిషి కొడుతుండనుకున్న గని బతికున్న మనిషి కొడుతుందనుకోలే. ఆడోళ్లు గోడ కొడుతరని నా తలకాయకే తోచలే. నువ్వు ఒక్కదానివి ఇక్కడ పిలుసుకుంట కూసున్నవు, నేను చెవులు మూసుకొని అక్కడ కూసున్న. మాఫ్ చెయ్యి వదినే."

"నువ్వు భయపడ్డవని నాకేం ఎరుక భూమయ్యా? నన్ను ఇడిసిపెట్టిండ్రనుకున్న."

ఆ మాటతో అందరి కళ్లూ తడిశాయి. మహిపాల్ లోపలికి వచ్చి, సరోజన కొంగు ముడిలోని తాళంచెవి అడిగి తీసుకుని ముందు వైపుకు పోయాడు. తాళం తీసి, చెక్కలు ఒక్కొక్కటీ దించాడు. నెలల తరబడి చీకట్లో ఉన్న పంచెల మీద వెలుతురు పడింది. బిల్డర్ మనిషి వచ్చేసరికి రెండు దుకాణాలూ తెరిచి ఉన్నాయి, ప్రవీణ అర్జీ కాగితం మీద సరోజన సంతకం చేస్తోంది.

"జర అటు జరుగన్నా, గిరాకీ అచ్చే యాళ్లయింది," అన్నాడు మహిపాల్. నిన్న ఏసీ కోసం వకాల్తా పుచ్చుకున్నది ఈయనే.

అందరూ కుదుటపడి టీ తాగుతుంటే, భూమయ్య నవ్వుతూ అన్నాడు. "అయినా వదినే, బుధవారం నన్ను చంపినంత పని జేసినవ్. అచ్చం అన్న లెక్కనే, ఆగి మూడోది కొట్టినవ్."

సరోజన గ్లాసు కింద పెట్టింది. "బుధవారమా? మంగళవారమే జగిత్యాల పోయిన భూమయ్యా, బిడ్డ తానికి. గురువారం మాపటికి అచ్చిన."

ప్రవీణ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. గుంతలో మిషన్ ఎందుకో ఆగింది.

భూమయ్య మెల్లగా లేచాడు. కడ్డీ తీసుకుని తన దుకాణంలోకి పోయి, గోడ ముందు నిలబడ్డాడు. ఈసారి తనే కొట్టాడు. రెండు కొట్టి, జర ఆగి, మూడోది.

"ఉన్నమన్నా," అన్నాడు గోడకు నుదురు ఆనించి. "అందరం ఈడనే ఉన్నం. యాడికి పోతలేం."

ఇప్పుడు ఆ గోడ మోగితే భూమయ్య పలుకుతాడు. కొట్టింది ఎవరని మాత్రం అడగడు.