అరచేతుల్లో రమ్ము

పొద్దున పప్పు ఉడకగానే గరిటెతో ఇంత తీసి భర్త ఆశన్న అరచేతిలో వెయ్యడం పోసవ్వకు ముప్పై ఏళ్ల అలవాటు. ఆయన నాలుకకు తగిలించుకుని "సరిపోయింది" అన్నాకే గిన్నె పొయ్యి దిగేది. చెరకు మడ్డితో రమ్ము తీసే ఫ్యాక్టరీలో, ప్రతి సరుకునూ రుచి చూసి తీర్పు చెప్పి రిటైరైన మనిషికి పప్పులో ఉప్పు ఒక లెక్కా? ఆ ఆదివారం కూడా సరిపోయిందనే అన్నాడు. పోసవ్వ వంటింట్లోకి పోయింది.

అది 2003. కూతురు సింధుజ, అల్లుడు మధు మహారాష్ట్ర నుంచి తొలి బస్సుకే బాన్సువాడలో దిగారు. మధు అక్కడ ఒక రమ్ము కంపెనీలో పని చేస్తున్నాడు. ఆ నౌకరీ కూడా మామ మాట మీదే దొరికింది. ఎక్కువ ధరకు అమ్మాలని కంపెనీ పెట్టుకున్న కొత్త రమ్ము బాధ్యత మధుకే అప్పజెప్పారు. మూడేళ్లు చెక్క పీపాల్లో నిల్వబెట్టి, తన చేత్తో కలిపిన ఆ మొదటి సీసాను తువ్వాలలో చుట్టి తెచ్చి మామ ముందు పెట్టాడు.

"మా కంపెనీ సేటు కన్న ముందు మీరు చూడాలె మామా. మీరు సరే అంటె రేపు సీసాలకు ఎక్కిస్తం. కాదంటె నేనే ఆపిస్త."

ఆశన్న ఛాతీ పొంగింది. చేతులు కడుక్కుని, అరచేతిలో రెండు చుక్కలు పోసుకుని రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత గ్లాసులో పోసి, అంతే నీళ్లు కలిపి, ఒక గుక్క నోట్లో నిలిపాడు. మంట తప్ప ఏమీ తెలియలేదు. కానీ అల్లుడు కళ్లప్పగించి చూస్తున్నాడు, ఏదో ఒకటి చెప్పాలి.

"గిది రమ్ము గాదు మధూ. స్పిరిట్ల నీళ్లు కలిపి రంగేసినట్టున్నది. మూడేండ్లు ఏం జేసినవ్?"

మధు ముఖం మాడిపోయింది. అతను మామ మాటకు తిరుగులేదని నమ్మినవాడు. ఇప్పుడే పోయి సేటుకు ఫోన్ చేసి సరుకు ఆపిస్తానని, ఇంత నష్టం చేసినందుకు నౌకరీ కూడా వదిలేస్తానని అంటూ చెప్పులేసుకోబోయాడు.

గడప దగ్గర పోసవ్వ అడ్డం నిలబడింది. "ఆగు బిడ్డా. రమ్ముకు ఏం కాలే. మీ మామకే వాసన, రుచి తెలుస్తలేవు. పోయిన వానకాలం జరం వచ్చినప్పటి సంది గంతే. ఒకనాడు పప్పుల ఉప్పేసుడే మర్సిన. సరిపోయిందన్నడు. దవాఖానల అడిగితె మళ్ల వస్తదో రాదో చెప్పలేమన్నరు."

ఆశన్నకు ఒళ్లు మండిపోయింది. వయసు మీద పడి తిండి సయించడం లేదనుకున్నాడు గానీ, ఇంత సంగతి తన వెనక నడుస్తోందని ఊహించలేదు. కూతురి వైపు చూశాడు. సింధుజ తల దించుకుంది. అంటే ఆమెకూ తెలుసు. దసరా నాడు మాంసం కూర తిని తాను వంక పెడితే అందరూ బుద్ధిగా తల ఊపడం గుర్తొచ్చి సిగ్గుతో కుంగిపోయాడు.

"పరాయోడు మోసం జేస్తె ఓర్సుకుందు," అన్నాడు. "యాడాది సంది నా చేతిల పప్పేసి నాటకమాడినవా?"

"రిటైరై నీ నౌకరి పోయింది. నాలుక గూడ పోయిందని ఏ నోటితోని చెప్పాలె?" పోసవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. "సరిపోయింది అన్ననాడు నువ్వు కడుపునిండ తింటుంటివి."

గడప దగ్గర మధు ఒక కాలికే చెప్పుతో నిలబడి ఉన్నాడు. ఆ కుర్రాణ్ని చూశాక కోపం దారి మళ్లింది. నోటికి ఏమీ తెలియలేదని తనకు తెలుసు. తెలిసీ తీర్పు చెప్పాడు. ఇంట్లోవాళ్లు దాచింది పప్పులో ఉప్పు సంగతి, తాను ముంచబోయింది ఒకడి మూడేళ్ల కష్టం. ఆశన్న కళ్లలో నీళ్లు తిరిగాయి.

మళ్లీ రెండు చుక్కలు అరచేతుల్లో రుద్దుకుని, ఆ చేతులు పోసవ్వ ముఖం ముందు పట్టాడు. "నువ్వు చెప్పు."

ఆమె పుట్టి బుద్ధెరిగాక మందు ముట్టలేదు. కానీ ముప్పై ఏళ్లు ఆయన ఫ్యాక్టరీ అంగీలు ఉతికింది. కళ్లు మూసుకుని ఆ చేతుల వాసన చూసింది.

"బెల్లం పాకం లెక్కున్నది. ఎనక జర పచ్చి కట్టె వాసన. మంచి సరుకు ఎల్లిననాడు నీ అంగీలు గిట్లనే ఉంటుండె."

మధు నోరు తెరిచాడు. "ఒక పీపా కట్టె కొత్తదే అత్తా. ఎవలకు చెప్పలే."

"పొయ్యి సేటుకు ఫోన్ జెయ్," అన్నాడు ఆశన్న. "ఆశన్న చూసిండని చెప్పకు. మీ అత్త చూసి సరే అన్నదని చెప్పు."

మధ్యాహ్నానికి మళ్లీ వండిన పప్పు వడ్డించబోతూ పోసవ్వ అలవాటుగా గరిటె ఎత్తి, ఆయన ముందు ఆగిపోయింది. ఆశన్న గరిటె అందుకుని ఆమె అరచేతిలోనే ఇంత పప్పు వేశాడు. ఆమె నాలుకకు తగిలించుకుని, ఆయన ముఖంలోకి చూసింది.

"ఉప్పు తక్కువైంది," అంది నెమ్మదిగా.

ఆశన్న లేచి వెళ్లి ఉప్పు డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.