నల్లా దగ్గర ఆగినవాళ్ళు

పొద్దటి షిఫ్టుకు భర్తను పంపించి రమ వాకిలి ఊడుస్తోంది. చీపురు నేలకంటే గోడకే ఎక్కువ తగులుతోంది. నీళ్ళు పట్టుకుంటూ పక్క క్వార్టర్ ఆవిడ అన్న మాట ఆమెను నిలవనివ్వడం లేదు.

"మీ తిరుమల కథల రేపు మొగిలిని చంపుతదట గదా!"

మొగిలి రమ తమ్ముడు. రెండేళ్ళ క్రితం గనిలో బండ మీదపడి పోయాడు. పోయినవాణ్ణి మళ్ళీ చంపడమేమిటి? రమ చీపురు అక్కడే పారేసి కూతురి దగ్గరికి నడిచింది.

ఇంటర్ చదివే తిరుమలకు కంప్యూటర్ కొన్నది ఎంసెట్ కోసం. పాపం ఆ కంప్యూటర్‌కు ఎంసెట్ మొహం కూడా తెలియదు. కొన్ని నెలలుగా ఆ పిల్ల ఒక కథల సైట్లో జాంబీల సీరియల్ రాస్తోంది. మూతపడిన గనిలోంచి చచ్చిన కార్మికులు టోపీ లైట్లతో లేచి కాలనీ మీద పడతారు. రజిత అనే అమ్మాయి ప్రాణాలు దక్కించుకోవాలి. తన ఈడు పిల్లలంతా ఎగబడి చదువుతున్నారు.

"మీ మామనే దొరికిండా నీకు?"

"పేరు రాయలేదమ్మా. మెడకు ఎర్ర రుమాలని రాసిన, గంతే."

"వాడు గాక ఇంకెవలు కట్టిన్రే ఈ కాలనీల ఎర్ర రుమాలు? అందరు గుర్తువట్టిన్రు. తీసెయ్!"

"రేపు కొత్త భాగం పెట్టాలె. అందరు ఎదురుచూస్తున్నరు."

"చూడనీయ్! మీ అమ్మమ్మ చెవిల వడితె తట్టుకుంటదా?" రమ చెయ్యి కంప్యూటర్ ప్లగ్గు మీదికి పోయింది.

"ఏంది, నా చెవిల వడేది?"

గుమ్మంలో కనకవ్వ. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె కూతురి దగ్గరే ఉంటోంది.

"మామ మీద కథ రాసిన అమ్మమ్మా," అంది తిరుమల మెల్లగా.

"సదువు."

"అవ్వా, వద్దే..." అంటూ రమ తల్లిని ఆపబోయింది.

"నువ్వూకో. సదువు బిడ్డా."

తిరుమల చదివింది. జాంబీలు అడ్డమొచ్చిన వాళ్ళందరినీ పీక్కుతింటారు. కానీ ప్రతి ఇంటి ముందూ ఒళ్ళు కడుక్కోవడానికి నల్లా దగ్గర ఆగిపోతారు. బొగ్గు మసితో ఇంట్లోకి పోవడం బతికున్నప్పుడు వాళ్ళెరగరు. అది కనిపెట్టిన కాలనీ జనం నల్లాలు విప్పి పెట్టి బతుకుతారు. ఎర్ర రుమాలువాడు రజిత ఇంటి ముందు చేతులు రుద్దుకుంటూనే ఉన్నాడు. నలుపు వదలడం లేదు. అక్కడిదాకే రాసింది. ఇక గొడ్డలి తీసుకుని రజిత వాడి వెనక్కి పోవాలి.

కనకవ్వ గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

"నా కొడుక్కు నన్ను తానం పొయ్యనియ్యలే," అంది. "దవాఖాన నుంచి మూటగట్టి తెచ్చిన్రు. ఇప్పొద్దన్నరు. గా మసితోనే పంపిన." మనవరాలి చెయ్యి పట్టుకుంది. "గొడ్డలెందుకు బిడ్డా? ఆ పిల్లతోని రెండు చెంబులు నీళ్ళు పోయించరాదు?"

తిరుమల ఏడ్చేసింది. "నాక్కూడ మామను చంప బుద్ధయితలేదు అమ్మమ్మా. ఎట్ల రాయాల్నో తెలుస్తలేదు."

రమ చెయ్యి ఇంకా ప్లగ్గు మీదే ఉంది. తమ్ముడి పేరెత్తకపోతేనే తల్లికి మేలని ఆమె ఇన్నాళ్ళూ ఇంటిల్లిపాదినీ నోరు మెదపనివ్వలేదు. ఎవరైనా ఆ పేరెత్తితే బాగుండునని తల్లి ఎంత తపించిందో ఇప్పుడు తెలిసింది. రమకు దుఃఖం ఆగలేదు.

ప్లగ్గు వదిలేసి, స్టూలు లాక్కుని కూతురి పక్కన కూర్చుంది.

"వేడినీళ్ళని రాయి," అంది కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "వానికి చన్నీళ్ళు పడయి."